కాలేజీ చదువు కష్టమా? కాలేజీలో చదవడం కష్టమా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో మాటలన్నీ చదువుల చుట్టూనే తిరుగుతాయి. ఆవకాయ జాడీలకి వాసెన కట్టడం అయిందో లేదో, "మీ అమ్మాయిని ఏ గ్రూపులో చేర్చారు? మా వాడికి ఫలానా చోట సీటొచ్చింది" అనే కబుర్లు మొదలవుతాయి. ఈ కబుర్లలో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకావిడ, "టెన్తు గట్టెక్కింది కదండీ, ఇంక ఫరవాలేదు. ఈ ఏడాదంతా దాంతోపాటు నేనూ పరీక్షకి చదివినట్టయింది" అంటుంది. పక్కనున్నావిడ, "అయ్యో వదినగారూ, అసలు కథ ఇప్పుడే మొదలు! స్కూల్లో నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్ళే కాలేజీలో తప్పుతున్నారు" అని భయపెడుతుంది.

ఈ రెంటిలో ఏది నిజం? హైస్కూలు చదువు కంటే కాలేజీ చదువు నిజంగా అంత కష్టమా? కష్టమైతే ఆ కష్టం ఎక్కడుంది? దానికి తల్లులం మనం చెయ్యగలిగిందేమైనా ఉందా? ఈ సంగతులే ఇవాళ మీతో చెప్పాలనుకుంటున్నాను.

నేను లెక్చరర్ని కాను. ఏలూరులో కాపురముంటూ, ఇంటిపని అయ్యాక సాయంకాలాలు చుట్టుపక్కల పిల్లలకి లెక్కలూ సైన్సూ చెబుతూ వచ్చినదాన్ని. హైస్కూలు పిల్లలూ కాలేజీ పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని చదువుకోవడం ఏళ్ళ తరబడి చూశాను గనుక, ఇద్దరికీ తేడా ఎక్కడ వస్తుందో కాస్త తెలుసు.

ముందు లెక్కలు చూద్దాం. 2024లో మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలో నూటికి 86 మందికి పైగా ప్యాసయ్యారు. అందులోనూ ఆడపిల్లలు 89 శాతం, మగపిల్లలు 84 శాతం. మరుసటి ఏడు, అంటే 2025లో, ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలొచ్చాయి. అవి 70 శాతం. అక్షరాలా అదే పిల్లలు కాకపోవచ్చు. పాలిటెక్నిక్కి పోయినవాళ్ళున్నారు, చదువు మానేసినవాళ్ళున్నారు. అయినా టెన్తు ప్యాసై వచ్చినవాళ్ళలోనే నూటికి ముప్ఫైమంది ఒక్క ఏడాదిలో తప్పారంటే మనం ఆగి ఆలోచించవలసిన సంగతే.

దీని పక్కనే ఇంకొక లెక్క ఉంది. 2024లో ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు 67 శాతం. ఆ పిల్లలే 2025లో రెండో సంవత్సరం పరీక్ష రాస్తే 83 శాతం ప్యాసయ్యారు. రెండో సంవత్సరం పాఠాలు మొదటి సంవత్సరం కంటే తేలికా? కానే కావు. లెక్కల్లో గాని, ఫిజిక్సులో గాని ఇంకా లోతుకే పోతాయి. పాఠం బరువెక్కుతుంటే ఫలితం మెరుగవుతోందంటే అర్థమేమిటి? పిల్లల్ని పడేస్తున్నది పాఠం ఒక్కటే కాదనేగా! కొత్త చోటు, కొత్త పద్ధతి. ఆ పద్ధతి అలవాటుపడ్డాక అదే పిల్లలు నిలదొక్కుకుంటున్నారు.

మరి ఆ పద్ధతిలో మారేదేమిటి? నాకు తెలిసి మూడు సంగతులు మారతాయి.

మొదటిది, కాపలా. హైస్కూల్లో పిల్ల చుట్టూ ఎంత కాపలా ఉందో ఒకసారి తలుచుకోండి. ఇవాళ చెప్పిన పాఠం రేపు అప్పజెప్పించుకుంటారు. హోమ్‌వర్కు చెయ్యకపోతే నిలబెడతారు. స్లిప్ టెస్టు పెడతారు. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్నగారి సంతకం కావాలంటారు. రెండురోజులు బడికి రాకపోతే మేష్టారు ఇంటికి కబురు పంపుతారు. ఈ ఏర్పాటులో పిల్ల చదివేది ఎంతో, పిల్లచేత చదివించేది ఎంతో తేల్చి చెప్పలేం. వచ్చిన మార్కులు మాత్రం పిల్ల ఖాతాలో పడతాయి.

కాలేజీలో లెక్చరర్ గారొస్తారు, గంటసేపు చక్కగా చెబుతారు, వెళ్ళిపోతారు. విన్నావా, రాసుకున్నావా, ఇంటికెళ్ళి చదివావా అని ఒక్కొక్కరినీ అడగడం ఆయన పని కాదు. క్లాసులో ఎంతో మంది ఉంటారు, అడగడానికి ఆయనకి వీలూ కాదు. మన భాషలో చెప్పుకోవాలంటే, హైస్కూల్లో కంచంలో వడ్డించి, "తింటావా తినవా" అని పక్కన నిలబడ్డారు. కాలేజీలో సామాన్ల గది తాళంచెవి చేతికిచ్చి, "అన్నీ ఉన్నాయి, వండుకు తిను" అన్నారు. సరుకులు అంతకుముందు కంటే మంచివే. వంట రాని పిల్ల మాత్రం పస్తుంటుంది.

రెండోది, భాష. ఇది మనం పైకి అనుకోం గాని పిల్లల్ని లోలోపల చాలా బాధపెట్టే సంగతి. తెలుగు మీడియంలో చదివిన పిల్ల హైస్కూల్లో త్వరణం అంటే ఏమిటో, జడత్వం అంటే ఏమిటో, కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో శుభ్రంగా నేర్చుకుంది. కాలేజీలో ఇంగ్లీషు మీడియంలో కూర్చుంటే యాక్సిలరేషన్, ఇనర్షియా, ఫోటోసింథసిస్ అని వినిపిస్తుంది. ఇవన్నీ తను ఎరగనివని హడలిపోతుంది. పాతవాళ్ళే కొత్త చీర కట్టుకొచ్చారని దానికెవరూ చెప్పరు.

ఇది ఈనాటి చిక్కు కాదు. ఇంటర్ రెండేళ్ళ చదువు మన రాష్ట్రంలో 1969–70లో మొదలైంది, ఇంటర్మీడియట్ బోర్డు 1971లో వచ్చింది. అంతకుముందు ఎస్సెల్సీ తరవాత ఒక్క ఏడాది పి.యు.సి. ఉండేది. తెలుగులో చదువుకున్న పల్లెటూరి పిల్లలు ఆ ఒక్క ఏడాదిలో ఇంగ్లీషు పాఠాలకి అలవాటు పడాలి, పరీక్షా ప్యాసవాలి. పి.యు.సి. దగ్గరే చదువు ఆగిపోయిన పెద్దవాళ్ళు మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నారు. ఆ ఇబ్బంది చూసే కాలేజీ పుస్తకాలు తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమీ స్థాపించారు. ఆ తరవాత చాలా ఏళ్ళు డిగ్రీ దాకా తెలుగులో చదువుకునే వీలుండేది. 2021–22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలని ప్రభుత్వం నిర్ణయించింది. చిన్న తరగతుల వాళ్ళకి 2020–21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషూ, ఎదురు పేజీ తెలుగూ ఉన్న పుస్తకాలొచ్చాయి. ఇది మంచి ఏర్పాటే. ఆ పుస్తకాలు మీ ఇంట్లో ఉంటే మాత్రం పాత కాగితాల వాడికి వేసెయ్యకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మూడోది, వేగం. హైస్కూల్లో వారం రోజులు నలిగే పాఠం కాలేజీలో రెండు రోజుల్లో అయిపోతుంది. డిగ్రీ చదువు 2015–16 నుంచి సెమిస్టర్ల పద్ధతిలోకి మారింది. సెమిస్టరంటే చెప్పుకోవడానికి ఆరు నెలలు. చేరడం, పండగలు, పరీక్షలు తీసేస్తే పాఠాలు జరిగేది తొంభై రోజులు. దసరా సెలవుల దాకా ఆగి అప్పుడు చదువుదాంలే అనుకుంటే అప్పటికి సగం సెమిస్టరు అయిపోయింటుంది. స్కూల్లో ఒకరోజు పాఠం పోతే మర్నాడు కలుపుకోవచ్చు. ఇక్కడ నిన్నటి పాఠం తెలిస్తేనే ఇవాళ్టిది తెలుస్తుంది. చిట్టీ డబ్బు ఒక నెల కట్టకపోతే మరుసటి నెల రెండింతలవుతుంది చూడండి, అదీ లెక్క.

అమెరికాలో కాలేజీల్లో ఒక లెక్క పాటిస్తారు. క్లాసులో ఒక గంట పాఠం విన్నవాళ్ళు బయట రెండు గంటలు తమంతట తాము చదువుకోవాలి. చదువులో ఆ సొంత గంటలు కూడా కలిసే ఉన్నాయని వాళ్ళు మొదటే చెప్పేస్తారు. మన పిల్లలకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. క్లాసుకి పోయి వస్తే చదివినట్టే అనుకుంటారు.

ఇక మన ప్రాంతం సంగతికి వద్దాం. ఏలూరులో చదువుకి కొదవలేదు. సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945 నుంచీ ఉంది. ఆడపిల్లలకి ప్రత్యేకంగా సెయింట్ థెరిసా కాలేజీ 1953లో వచ్చింది. ఆ రోజుల్లో ఆడపిల్లని విశాఖపట్నమో, మద్రాసో పంపలేని తల్లిదండ్రులకి ఇవి కొండంత అండ. ఇవాళ ఏలూరు వీధుల్లో పొద్దున్న ఎనిమిదింటికి నిలబడి చూస్తే, సైకిళ్ళ మీదా స్కూటీల మీదా ఆటోల్లోనూ ఎంతమంది ఆడపిల్లలు కాలేజీలకి పోతుంటారో! చూడముచ్చటగా ఉంటుంది.

ఊళ్ళో ఉండే పిల్లకీ, కొల్లేటి లంకల్లోంచి వచ్చే పిల్లకీ పుస్తకం ఒకటే. రోజు మాత్రం ఒకటి కాదు. గుడివాకలంక నుంచో, ప్రత్తికోళ్ళలంక నుంచో, అటు కైకలూరు వైపు కొల్లేటికోట నుంచో వచ్చే పిల్ల సంగతి చూడండి. హైస్కూలు చదువు ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో జరిగిపోయింది. కాలేజీకొచ్చేసరికి తెల్లవారుఝామున లేవాలి. తల్లి చేపల పనికో కూలికో పోయే ఇల్లయితే వంటా, తమ్ముడి స్నానం, నీళ్ళు పట్టడం, అన్నీ దాని పనే. ఏడు గంటలకి రోడ్డెక్కితే ఆటోలూ బస్సులూ మారి కాలేజీకి చేరాలి. మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అప్పుడు పొయ్యి దగ్గరకి పోకుండా పుస్తకం ముందు కూర్చునే వీలు ఎంతమంది ఆడపిల్లలకి ఉంది? పుస్తకం తెరిచేటప్పటికి కళ్ళు మూతలు పడుతుంటాయి.

వానాకాలం అయితే ఇక చెప్పక్కర్లేదు. బుడమేరూ, తమ్మిలేరూ, రామిలేరూ పట్టుకొచ్చే నీళ్ళన్నీ కొల్లేట్లోకే చేరతాయి. చేరిన నీరు ఉప్పుటేరు దారిన సముద్రానికి పోవాలి. పైనించి వచ్చినంత జోరుగా కిందికి పోదు గనుక లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉంటాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీళ్ళు కొల్లేటికి చేరి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదకి కూడా వచ్చాయి. లంక గ్రామాల వాళ్ళు మళ్ళీ పడవలెక్కారు. ఆ రోజుల్లో ఏలూరులో పాఠాలు ఆగలేదు. అరవై మైళ్ళ అవతల కాదు, కనుచూపు మేరలో ఉన్న పిల్లకి పదిహేను రోజుల పాఠం పోయింది. తరవాత పరీక్ష తప్పితే, "దానికి చదువు బుర్రకెక్కలేదండీ" అంటాం. ఎక్కవలసినది బుర్రకి కాదు, బస్సు!

ఈమధ్య కొంత మేలు జరిగింది. సర్కారు జూనియర్ కాలేజీల్లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మగారి పేరున మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. అన్నదానానికి పేరుమోసిన మన గోదావరి ఆడపడుచు పేరు పెట్టడం ఎంతో సముచితం. పొద్దున్న చద్దన్నం కూడా తినకుండా పరుగెత్తే పిల్లలకి అది ప్రాణం నిలబెట్టే ఏర్పాటు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళ ఉచిత ప్రయాణమూ మొదలైంది. ఛార్జీ బాధ తగ్గింది. కాని దారిలో పోయే మూడు గంటలు ఎవరూ తిరిగివ్వలేరు కదా! ఆ గంటలు ఇంట్లోనే ఎక్కడో మిగిల్చివ్వాలి.

ఇది ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లల సంగతి. హాస్టళ్ళలో ఉండేవాళ్ళ చిక్కు వేరే. దానికి తాడేపల్లిగూడెం చూడాలి. ఒకప్పుడు గూడెం అంటే ఉల్లిపాయల మార్కెట్టే జ్ఞాపకమొచ్చేది. ఇప్పుడు చదువుల ఊరు కూడా అయింది. దగ్గర్లోని వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది. 2015లో ఎన్.ఐ.టి. వచ్చింది. ఎన్.ఐ.టి.లో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకి, తక్కిన సగం ఇతర రాష్ట్రాల వాళ్ళకి. దేశం నలుమూలల నుంచీ ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు అక్కడ చేరతారు.

అలాంటి చోట చేరిన పిల్లల కష్టం ఇంకో రకం. తన స్కూల్లో తనే ఫస్టు. ఇక్కడ క్లాసులో కూర్చున్న అందరూ ఎక్కడో ఒకచోట ఫస్టొచ్చినవాళ్ళే. అందరూ ఫస్టు రాలేరు కదా! మొదటి పరీక్షలో ముప్ఫయ్యో స్థానం వచ్చేసరికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఓడిపోయినట్టు కుంగిపోతారు. అదీగాక, వీళ్ళలో చాలామంది ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీల్లో గడిపినవాళ్ళు. అక్కడ తెల్లవారకముందే లేపుతారు, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లు, ఏ గంటకి ఏం చదవాలో బోర్డు మీద రాసి ఉంటుంది. హైస్కూలు కాపలాకి అది రెండింతల కాపలా. ఆ రెండేళ్ళూ అయ్యాక ఒక్కసారిగా కాపలా మొత్తం ఎత్తేస్తారు. నిద్ర లేపేవాళ్ళు లేరు, పడుకోమనేవాళ్ళు లేరు, చేతిలో సెల్‌ఫోను ఉంది. లెక్కల్లో ర్యాంకు తెచ్చుకున్న పిల్లాడు మొదటి సెమిస్టరులో లెక్కల్లోనే తప్పాడంటే మనకి నమ్మశక్యం కాదు. వాడికి లెక్కలొచ్చు. తనంతట తను పుస్తకం తియ్యడం రాదు. ఆ విద్య ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే అవకాశమూ ఇవ్వలేదు.

ఇంతదాకా చెప్పినదాన్ని బట్టి, కాలేజీ చదువు కష్టమా అని అడిగితే నా జవాబు ఇది: పాఠం కొంచెం కష్టం. ఆ పాఠాన్ని ఎవరూ చెప్పకుండా తనంతట తాను చదువుకోవడం చాలా కష్టం. మొదటి ఏడాది తప్పినవాళ్ళలో ఎక్కువమంది ఆ రెండోదాంట్లో తప్పుతున్నారు. అది తెలివి లేకపోవడం కాదు, అలవాటు లేకపోవడం. అలవాటు చేసుకోవచ్చు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. మగపిల్లాడు ఫస్టియర్ తప్పితే, "సప్లిమెంటరీ రాస్తాళ్ళే, మగవెధవ, కాస్త ఆటలెక్కువయ్యాయి" అంటాం. అదే ఆడపిల్ల తప్పితే, "దాని తలరాత అంతే, మంచి సంబంధమేదైనా చూద్దాం" అంటాం. ఒకే పరీక్ష, ఒకే ముప్ఫై మార్కులు, రెండు తీర్పులు! ఇంటర్ మొదటి ఏడాది పిల్లకి పదహారో, పదిహేడో ఏళ్ళు. పద్ధెనిమిది నిండని పిల్లకి పెళ్ళి చెయ్యడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా లోపాయికారీగా మాటలు నడుస్తూనే ఉంటాయి. చట్టం సంగతి అలా ఉంచి, ఆరునెలల అలవాటు లోపానికి అరవై ఏళ్ళ జీవితాన్ని తేల్చెయ్యడం ఏం న్యాయం చెప్పండి?

నాకు తెలిసిన ఒక అమ్మాయి, లంక గ్రామం పిల్ల, ఏలూరులో చుట్టాలింట్లో ఉండి నా దగ్గరకి చదువుకోడానికొచ్చేది. టెన్తులో మంచి మార్కులు. ఇంటర్ మొదటి ఏడు లెక్కల్లోనూ, ఫిజిక్సులోనూ తప్పింది. తండ్రి వచ్చి పెట్టె సర్దుకోమన్నాడు. తల్లి చదువుకున్నది కాదు. అయినా ఒక్క మాటంది: "చెరువులో పిల్లలు వేసిన ఏడాదే చేపలమ్ముకుంటున్నావా? ఒక పంట పోతే చెరువు పూడ్చేశావా? దీనికీ ఇంకొక పంట చూడు." ఆయన ఇంకేం మాట్లాడలేక పెట్టె అక్కడే వదిలి వెళ్ళాడు. ఆ పిల్ల సప్లిమెంటరీలో రెండూ ప్యాసైంది. ర్యాంకులూ గీంకులూ ఏమీ రాలేదు. డిగ్రీలో చేరింది, చదువుకుంటోంది. చదువు ఆగలేదు, అంతే. చాలామంది పిల్లలకి కావలసింది అంతే.

మరి తల్లులం మనమేం చెయ్యాలి? మన ఊరి కాలవనే చూడండి. కృష్ణ నుంచి వచ్చే కాలవా, గోదావరి నుంచి వచ్చే కాలవా ఏలూరులో కలుస్తాయి. పడవల కాలంలో ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి పడవ ఒక్క దూకున పోయేది కాదు. లాకులో ఆపి, తలుపులు మూసి, నీటిని మెల్లగా ఎక్కించో దించో అప్పుడు అవతలికి వదిలేవారు. హైస్కూలుకీ కాలేజీకీ మధ్య అలాంటి లాకు లేదు. మొదటి మూడు నెలలు ఆ లాకు మన ఇల్లే కావాలి. కాపలా ఒక్కసారిగా తీసెయ్యకూడదు, ఎప్పటికీ ఉంచకూడదు. మెల్లమెల్లగా తగ్గించాలి.

అందుకు నాలుగైదు పనులు చెబుతాను. డబ్బు ఖర్చయ్యేవి ఒక్కటీ లేవు.

రోజూ సాయంత్రం పది నిమిషాలు పిల్లని కూర్చోబెట్టి, "ఇవాళ ఏం చెప్పారే? నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అనండి. మీకు ఫిజిక్సు రానక్కర్లేదు. రాకపోవడమే మేలు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే తను తెలుసుకుని తీరాలి. చెప్పలేక తడబడిన చోటే తనకి రాని చోటని దానికే తెలిసిపోతుంది. కూరలు తరుగుతూ వినొచ్చు. "చదివావా?" అని అడిగితే "ఊఁ" అంటారు. "చెప్పు" అంటే దొరికిపోతారు.

రెండోది, ఒక నోటుపుస్తకం పెట్టించండి. పేజీ మధ్యలో గీత. ఇటు స్కూల్లో నేర్చుకున్న తెలుగు పేరు, అటు కాలేజీలో విన్న ఇంగ్లీషు పేరు. త్వరణం ఇటు, యాక్సిలరేషన్ అటు. రెండు భాషల పాత పుస్తకాలు పారెయ్యొద్దన్నది ఇందుకే. నెలరోజులు ఇలా రాస్తే, తనకి రాదనుకున్నదాంట్లో సగం తనకి వచ్చినదే అని పిల్లకి తెలుస్తుంది. ఆ ధైర్యం చాలా పెద్దది.

మూడోది, గంటలు లెక్క చూడండి. ఇంటిపనిలో ఆడపిల్ల వాటా ఎంత, మగపిల్లాడి వాటా ఎంత అని ఒక్కసారి నిజాయితీగా లెక్కవేసుకుంటే, రోజుకి గంట ఎక్కడ మిగులుతుందో మనకే కనిపిస్తుంది. గిన్నెలు తోమడం మగపిల్లాడికి వస్తే వాడి మార్కులేమీ తగ్గవు. దూరం నుంచి వచ్చిపోయే పిల్లయితే, బస్సులో పుస్తకం చదవలేకపోయినా, పొద్దున్న విన్న పాఠాన్ని కళ్ళు మూసుకుని నెమరు వేసుకోమనండి.

నాలుగోది, పాఠం పోతే వెంటనే పట్టుకోవాలి. జ్వరమో, వానో వచ్చి క్లాసు తప్పితే, ఆ వారంలోనే తోటి పిల్లల నోట్సు తెచ్చుకుని రాసుకోమనండి. లెక్చరర్ గారిని అడగడానికి మన పిల్లలు బిడియపడతారు. అడిగితే కసురుకుంటారని భయం. అడిగినవాళ్ళకి చెప్పే లెక్చరర్లే ఎక్కువ. "రేపు ఈ ఒక్క ప్రశ్న అడిగి రా" అని మీరు పంపండి. ఒకసారి అడిగితే రెండోసారికి బిడియం పోతుంది. కాలేజీలో హాజరు నూటికి 75 ఉండాలన్న సంగతి కూడా చేరిన రోజే తెలుసుకోవాలి, హాల్‌టిక్కెట్టు ఆగినప్పుడు కాదు.

హాస్టల్లో ఉన్న పిల్లలకి ఫోను చేసినప్పుడు, "మార్కులెన్ని?" అని మొదలుపెట్టకండి. "భోంచేశావా, నిద్ర పడుతోందా, స్నేహితులు కుదిరారా?" అని అడగండి. ఈ మూడూ బాగుంటే మార్కులు వాటంతటవే దారికొస్తాయి. ఈ మూడింట్లో ఏది బాగులేకపోయినా, ఒకసారి వెళ్ళి చూసి రండి.

చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఫలితాలొచ్చే రోజున ఇంట్లో ఉండండి. ఫలితాలు చూసుకుని పిల్లలు అఘాయిత్యం చేసుకున్న వార్తలు ఏటా వింటూనే ఉన్నాం. ఆ రోజు మన నోట మొదటి మాట ఏమిటన్నది చాలా ముఖ్యం. "సరే, సప్లిమెంటరీకి ఏ తేదీ లోపల కట్టాలి?" అనండి చాలు. ఇంటర్ ఫస్టియర్లో తప్పినా రెండో ఏడాది తరగతులకి పోతూ అవి కట్టుకోవచ్చు. ఏడాది పోదు. పిల్ల మరీ మౌనంగా ఉండిపోతున్నా, తిండి మానేసినా ఊరుకోవద్దు. 14416 అని ఒక ఫోను నంబరుంది. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబరులో మొదలైంది. పైసా ఖర్చు లేకుండా రాత్రీ పగలూ మనసు బాధలకి సలహా చెబుతారు. పాలవాడి నంబరు రాసుకున్న కాగితం మీదే ఆ నంబరూ రాసి పెట్టుకోండి.

ఇల్లలకగానే పండగ కాదని మన పెద్దలన్నారు. సీటు రావడం ఇల్లలకడం వంటిది. ముగ్గు పెట్టడం, పిండివంట చెయ్యడం ఇంకా ముందున్నాయి. అవి పిల్లలే చెయ్యాలి, మన చేత్తో మనం చెయ్యలేం. పక్కన కూర్చుని, అడిగినప్పుడు చెప్పి, మాడిపోయిన మొదటి వాయ చూసి, "నీకు వంట రాదు, లేచిపో" అనకుండా ఉండగలం. మన మొదటి వాయలు ఎన్ని మాడాయో మన అత్తగార్లకి తెలుసు కదూ!

ఈ ఏడు కాలేజీలో చేరిన మన పిల్లలందరూ, ముఖ్యంగా దూరాభారాల నుంచి వచ్చే ఆడపిల్లలు, తమ కాళ్ళ మీద నిలబడి చదువుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.